విత్తనం వెనకాలే నడువు

తమ్ముడూ,

ఆకుకి పచ్చదనం ఇచ్చే హరితరేణువుల డీఎన్ఏ మీద నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. బాగా కష్టపడ్డావని తెలుస్తోంది. కానీ మొదటి పేరాలోనే హాప్లోటైపులు (అమ్మానాన్నల్లో ఒకరి నుంచే కట్టగా వచ్చే డీఎన్ఏ రకాలు), లక్షన్నర బేస్ జతలు (డీఎన్ఏ నిచ్చెనలో మెట్లు) వరసపెట్టి దింపేశావు, విత్తనం అన్న మాట మాత్రం ఐదో పేరా దాకా రాలేదు. ఈ కథంతా విత్తనానిదే కదా!

1909లో జర్మన్ వృక్షశాస్త్రవేత్త కార్ల్ కారెన్స్ చూసిన చంద్రకాంత మొక్క దగ్గర మొదలుపెట్టు. ఒకే మొక్కకి ఒక కొమ్మ పచ్చగా, ఒకటి తెల్లగా, ఇంకోటి మచ్చలతో. పచ్చ కొమ్మ పువ్వుకి తెల్ల కొమ్మ పుప్పొడి అద్దితే మొలకలన్నీ పచ్చవే. తెల్ల కొమ్మ పువ్వుకి పచ్చ కొమ్మ పుప్పొడి అద్దితే మొలకలు తెల్లగా వచ్చి, ఆహారం తయారుచేసుకోలేక చచ్చిపోతాయి. పుప్పొడి ఎక్కడిదన్నది లెక్కలోకే రాలేదు. ఇది కళ్ళకు కట్టిస్తే, హరితరేణువు డీఎన్ఏ తల్లి నుంచి వస్తుందని వేరే చెప్పక్కర్లేదు. అయితే "అన్ని మొక్కల్లోనూ" అని రాశావు, అది కొట్టేయి. పూలమొక్కల్లో ఎక్కువ వాటికే అలా, పైన్ చెట్లలో తండ్రి నుంచి వస్తుంది.

అక్కణ్ణించి అడవిలోకి వెళ్ళు. ఓక్ పుప్పొడి గాలికి ఎంతో దూరం పోతుంది, కాయ మాత్రం చెట్టు కిందే రాలుతుంది, లేదంటే జే పిట్ట ఎత్తుకెళ్ళి నేలలో దాచి మర్చిపోయిన చోట మొలుస్తుంది. హరితరేణువు డీఎన్ఏ ఆ కాయతోనే కదులుతుంది, అందుకే ఒక అడవిలో చాలాసార్లు చెట్లన్నిటికీ ఒకే హాప్లోటైప్ ఉంటుంది, దూరంగా ఇంకో అడవికి పోతే వేరేది. గుంపు లోపల తేడా తక్కువ, గుంపుకీ గుంపుకీ మధ్య ఎక్కువ. అవే చెట్ల కేంద్రక డీఎన్ఏ (కణం నడుమ ఉండి, తల్లిదండ్రులిద్దరి నుంచీ వచ్చేది) చూస్తే లెక్క తిరగబడుతుంది, అది పుప్పొడితో కూడా దూరం పోతుంది కాబట్టి. నువ్వు రెంటినీ కలిపి "వైవిధ్యం" అనేశావు, అక్కడే నాకు బాధేసింది.

2002లో యూరప్‌లో 2,600కు పైగా ఓక్ గుంపుల్ని పరిశీలించి, ఏ హాప్లోటైప్ ఎక్కడుందో చూపిస్తూ పరిశోధకులు ఇచ్చిన మ్యాపుల్ని తీరిగ్గా చూడు. హిమయుగంలో ఐబీరియా, ఇటలీ, బాల్కన్ ప్రాంతాల్లో తలదాచుకున్న చెట్ల సంతతి, మంచు తగ్గాక ఏ దారిన ఉత్తరానికి పాకిందో కనిపిస్తుంది. పైగా ఒకే చోట పెరిగే వేర్వేరు ఓక్ జాతులు సంకరం (ఒకదానితో ఒకటి కలవడం) వల్ల ఒకే హాప్లోటైప్ పంచుకుంటాయి, కాబట్టి "దీంతో జాతిని ఇట్టే గుర్తుపట్టొచ్చు" అన్న నీ వాక్యం అక్కడ నిలబడదు.

చివరి పేరా మాత్రం పూర్తిగా తిరగరాయాలి. ఒకే హాప్లోటైప్ ఉంది కాబట్టి ఆ గుంపు అంతరించిపోతుందన్నావు. అది చెప్పేది తల్లి వైపు వంశం ఒక్కటేనని, అంతే. కేంద్రకంలో బోలెడు తేడాలుండొచ్చు. టెన్షన్ పడకు, ఆ ఒక్క పేరా రాసి పంపు, ఆదివారం కూర్చుని చూస్తాను.