ఐదుంబావుకే పొద్దుగూకే ఊరికి పండుగ చుట్టాలు

ప్రశ్న: మాది గుంటూరు బ్రాడీపేట. మా వారి ఉద్యోగరీత్యా రెండేళ్లుగా అండమాన్‌లో, ఇప్పుడు శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌లో ఉంటున్నాము. సంక్రాంతి సెలవులకు గుంటూరు నుంచి మా అత్తగారు, మామగారు, విజయవాడ నుంచి మా ఆడపడుచు, అన్నయ్యగారు, వాళ్ల పిల్లలిద్దరు పది రోజులు ఉండేలా వస్తున్నారు. మేము ముగ్గురం. మాది రెండు పడకగదుల క్వార్టర్సు. కుళాయి నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి. వాళ్లు రావడం నాకు సంతోషమే గాని, ఎవరినీ నొప్పించకుండా ఎలా నెగ్గుకురావాలో తెలియడం లేదు. ఏమేం తెమ్మంటావని అత్తగారు రోజూ అడుగుతున్నారు.

జవాబు: అమ్మా, మీ బెంగ చోటు గురించి, నీళ్ల గురించి. నన్నడిగితే అంతకన్నా ముందు సరిచూసుకోవలసింది గడియారాన్ని. పోర్ట్ బ్లెయిర్ గుంటూరుకు సుమారు 12 డిగ్రీలు తూర్పున ఉన్నా అక్కడా నడిచేది మన గడియారమే కాబట్టి, సంక్రాంతి రోజుల్లో ఉదయం 5.40 ప్రాంతంలో తెల్లవారి, సాయంత్రం ఐదుంబావుకల్లా పొద్దుగూకుతుంది. గుంటూరులో అప్పటికింకా అరగంటకు పైగా వెలుగుంటుంది. ఇది మీకు అలవాటైపోయి ఉంటుంది, వచ్చేవాళ్లకు తెలియదు. నేను అక్కడ ఉన్న రోజుల్లో మా అమ్మ వచ్చి, మొదటి రోజు భోజనం చేసి కునుకు తీసి, లేచి కాఫీ తాగి, జరీచీర కట్టుకుని, సముద్రం చూద్దాం పదమంది. మేము కార్బిన్స్ కోవ్ చేరేసరికి కనిపించింది చీకటి, వినిపించింది అలల చప్పుడు. అందుచేత తెల్లవారగానే టిఫిను, ఎండ ముదరకముందే తిరుగుడు, పన్నెండింటికి భోజనం, మూడింటికల్లా మళ్లీ బయలుదేరడం అన్న క్రమాన్ని వాళ్లు గన్నవరంలో విమానం ఎక్కకముందే ఫోనులో చెప్పి ఉంచండి. ధనుర్మాసం కాబట్టి చీకటితోనే లేచే అత్తగారికి ఇది ఇబ్బంది కాదు; కష్టమల్లా పిల్లలను లేపడంలోనే. చలికాలమే కదా అని స్వెటర్లు మూటగట్టవద్దనండి. మధ్యాహ్నం 30 డిగ్రీల వరకూ వెళ్లే ఎండలో, ఇసుక మీద, వాళ్లకు కావలసింది టోపీలు, పలుచని పొడుగుచేతుల నూలు బట్టలు. ఆ చేతులు ఇసుక ఈగల నుంచి కూడా కాపాడతాయి. అవి కుట్టిన చోట దురద వారం రోజులకు గాని వదలదు.

ఇక చోటు. తొమ్మిది మందిని రెండు గదుల్లో పది రాత్రులు సర్దడం మర్యాద అనిపించుకోదు, అందరికీ శిక్ష అవుతుంది. అత్తగారిని, మామగారిని మీ దగ్గర ఉంచుకుని, ఆడపడుచుగారి కుటుంబానికి రాత్రి పడకకు మాత్రం దగ్గరలో ఒక గది మాట్లాడండి. పొద్దున కాఫీ నుంచి రాత్రి భోజనం దాకా అందరూ మీ ఇంట్లోనే. అయితే ఆ మాట మీ నోటి నుంచి రాకూడదు. పండుగకు వచ్చిన ఆడపడుచుకు వదిన బయట గది చూసిందంటే, గది ఎంత బాగున్నా మాట మిగిలిపోతుంది. అదే మాటను అన్న తన చెల్లెలికి ఫోను చేసి, “ఇల్లు చిన్నదమ్మా, పిల్లలు నిద్రకు ఇబ్బంది పడతారని గది తీసుకున్నాను, అద్దె నాది” అని చెబితే అందులో తప్పుపట్టేందుకు ఏమీ ఉండదు. మీ వారు ఇలాంటి ఫోన్లు రేపు రేపని వాయిదా వేసే రకమైతే, పక్కన కూర్చుని చేయించండి. గది అద్దె మీరు పెట్టుకున్నాక, పడవ టికెట్లు ఎవరివి వాళ్లవని ఆ ఫోనులోనే తేల్చుకోవడంలో మొహమాటం అక్కరలేదు.

పడవ అన్నాను కాబట్టి, స్వరాజ్ ద్వీప్, అంటే పాత హావ్‌లాక్, ప్రయాణం సంగతి. పండుగ సెలవుల్లో పడవల్లో సీట్లు త్వరగా నిండిపోతాయి, ఇప్పుడే తీసుకోండి. రాధానగర్ తీరం పడమటి ముఖం. అక్కడ సూర్యాస్తమయం చూడాలంటే రాత్రి అక్కడే ఉండాలి. ఈ ప్రయాణాన్ని మొదటి నాలుగైదు రోజుల్లోనే ముగించండి. సముద్రం బాగాలేక పడవ ఆగిపోతే, తిరుగు విమానం ముందురోజు పెట్టుకున్నవాళ్లు జెట్టీలోనే చిక్కుకుపోతారు. మామగారికి సెల్యులార్ జైలు తప్పక చూపించండి, వెళ్లే రోజు తెరిచి ఉంటుందో లేదో మాత్రం ముందే కనుక్కోండి. 1906లో పూర్తయిన ఆ కట్టడంలో ఏడు విభాగాలకు ఇప్పుడు మిగిలినవి మూడే. అల్లూరి సీతారామరాజు నడిపిన రంప పోరాటంలో పట్టుబడిన వాళ్లలో కొందరిని పంపింది ఇక్కడికేనని చెబితే, ఆయన ఆ మెట్ల దగ్గర మిమ్మల్ని చాలాసేపు నిలబెడతారు. తీరంలో ఏరిన పగడపు ముక్కలను పిల్లలు సంచిలో దాచుకోకుండా చూడండి, తీసుకెళ్లడం నేరం.

నీళ్లకు పెద్ద ఉపాయమేమీ లేదు. రెండు డ్రమ్ములు అదనంగా కొనండి, బట్టలు ఉతకడం నీళ్లు వచ్చే రోజుకే పెట్టుకోండి, మొదటి పూటే అందరికీ నవ్వుతూ చెప్పేయండి.

అత్తగారి ప్రశ్నకు జవాబు. కూరగాయల్లో చాలా భాగం అక్కడికి ఓడలోనే రావాలి కాబట్టి, గోంగూర పచ్చడి, కందిపొడి, ఎండుమిర్చి, మినుములు తెమ్మనండి. నూనె ఊరే పచ్చళ్లను గట్టిగా మూతపెట్టి, పెద్ద పెట్టెలోనే వేయాలి, చేతి సంచిలో ఒప్పుకోరు. ఎండుకొబ్బరి చిప్పలను విమానంలో తీసుకురానివ్వరు. కొబ్బరికి అక్కడ కరువా ఏమిటి? అరిసెలు మాత్రం డబ్బాలో సర్ది చేతిలోనే పట్టుకు రమ్మనండి, పెట్టెలో వేస్తే పిండిపిండై దిగుతాయి.