సముద్రాన్నే ఏళ్ల తరబడి గీస్తుంటే విసుగు రాదా? ఆగని అలని ఎలా వేస్తారు?

నాది విశాఖ. చిన్నప్పటి నుంచి బొమ్మలు వేస్తున్నాను, వాటిలో ఎక్కువ భాగం సముద్రమే. విసుగు మాత్రం రాలేదు. నిన్న కలిపిన రంగు ఇవాళ్టి నీళ్లకు సరిపోదు మరి.

ఎండ రాగానే భీమిలి ఒడ్డున నిలబడి చూడండి. మన తీరంలో సూర్యుడు సముద్రం వైపు నుంచి వస్తాడు కాబట్టి వెలుగు కెరటం వెనక నుంచి పడుతుంది. విరగబోయే ముందు కెరటం పైఅంచు పలచబడుతుంది. అక్కడ ఒక్క క్షణం లేతాకుపచ్చ మెరుస్తుంది, దాని కింద ఇసుక కలిసిన ముదురు రంగు ఉంటుంది. సాయంత్రానికి సూర్యుడు మన వెనక కొండల వైపు వెళ్లిపోతాడు. అప్పుడు అదే కెరటంలో ఆ ఆకుపచ్చ వెతికినా దొరకదు. వానాకాలం ఇక్కడ కలిసే గోస్తని నదికి కొత్తనీరు వస్తే ఆ రంగులు వేరే.

ఇక ఆగని అలని వేయడం గురించి. ఈ విషయంలో నేను గురువుగా తలచేది రష్యన్ చిత్రకారుడు ఇవాన్ ఐవజోవ్‌స్కీని. ఆయన 1817లో క్రిమియాలో, నల్ల సముద్రం ఒడ్డునున్న ఫియోదోసియాలో ఒక అర్మేనియన్ కుటుంబంలో పుట్టారు. యూరప్ అంతా పేరొచ్చాక కూడా 1845లో సొంతూరికే వచ్చి ఇల్లు కట్టుకున్నారు. 1900లో పోయింది కూడా అక్కడే. దాదాపు 6,000 బొమ్మలు వేశారంటారు, చాలావరకు సముద్రమే. కదిలే నీటిని, గాలి విసురును ఎదురుగా కూర్చుని వేయడం కుదరదని ఆయన నమ్మకం. ఒడ్డున పెన్సిల్‌తో నాలుగు గీతలు గీసుకుని, స్టూడియోలో జ్ఞాపకం మీదే రంగులు వేసేవారు. అందరికీ తెలిసింది 1850 నాటి ‘తొమ్మిదో కెరటం’. నాకు మాత్రం 1898లో, 80 ఏళ్ల వయసులో వేసిన ‘కెరటాల నడుమ’ అంటే ప్రాణం. నాలుగు మీటర్లకు పైగా వెడల్పున్న కాన్వాస్ మీద ఓడ లేదు, మనిషి లేడు, ఆకాశం కింద ఉత్త నీళ్లే. మీ మొదటి ప్రశ్నకు ఇంతకంటే మంచి జవాబు నా దగ్గర లేదు.

మీరు మొదలుపెడుతుంటే ముందు కుంచె పక్కన పెట్టి ఒకే బండను చూస్తూ కూర్చోండి. కెరటం లేవడం, ముందుకు ఒరగడం, విరగడం, నురగ వల పరిచినట్టు వెనక్కి జారడం, ఈ వరస మళ్లీ మళ్లీ వస్తుంది. అందులో ఒక్క ఘట్టాన్నే ఎంచుకుని, కళ్లు మూసుకున్నా కనిపించేదాకా చూసి ఇంటికొచ్చి వేయండి. ఎలాగూ ఒడ్డున తేమకి వాటర్‌కలర్ వాష్, అంటే నీళ్లతో పలచగా వేసిన రంగు పూత, త్వరగా ఆరదు. నురగకి తెల్లరంగు వాడకండి, కాగితం తెలుపునే వదిలేయండి. నీడ పడిన నురగ మాత్రం తెల్లగా ఉండదు, నీలం కలిసిన బూడిదరంగులో ఉంటుంది.