సముద్ర దోసకాయల మీద చదువుతానంటోంది, ఏం చేయాలి?

పర్లాకిమిడి నుంచి ఒక తండ్రి అడిగారు: "మా అమ్మాయి బీఎస్సీ జువాలజీ ఆఖరి ఏడాది. లోతు సముద్రంలో ఉండే సముద్ర దోసకాయలనే దోసకాయ ఆకారపు జంతువుల వర్గీకరణ మీద పరిశోధన చేస్తానంటోంది. మేం బయోటెక్నాలజీ ఎమ్మెస్సీ అనుకున్నాం. ఏది మేలు? బంధువులు నవ్వుతున్నారు."

అయ్యా, మీ అసలు బెంగ ఆ చివరి మాటలోనే ఉంది. బంధువులకు మీరు చెప్పాల్సిన జవాబును అమ్మాయి నెత్తిన పెడుతున్నారు. అది తప్పు.

బయోటెక్నాలజీ అంటే నాకు అనుమానాలే ఎక్కువ. పేరు చూసి ప్రైవేటు కాలేజీల్లో లక్షలు కట్టి, ల్యాబ్‌లో చెయ్యి పెట్టకుండానే డిగ్రీతో బయటికొచ్చి, మెడికల్ కోడింగ్‌లో చేరేవాళ్లను ఏటా చూస్తున్నాను. మంచి ల్యాబున్న యూనివర్సిటీలో సీటొస్తే సరే, లేకపోతే అప్పు చేయకండి.

మీ అమ్మాయి ఎంచుకున్న పని ఆషామాషీ కాదు. సముద్ర దోసకాయ చర్మం ముక్కను బ్లీచ్‌లో కరిగిస్తే సన్నటి సున్నపు రేణువులు మిగులుతాయి. మైక్రోస్కోప్ కింద చక్రాల్లా, కడ్డీల్లా, శిలువల్లా కనిపించే ఆ ఆకారాలను బట్టే జాతిని గుర్తుపడతారు. ఆమ్లగుణం వచ్చిన ఫార్మలిన్‌లో ఉంచితే అవి కరిగిపోతాయి, ఇక ఆ నమూనా ఏ జాతిదో తేల్చడం కష్టం. అందుకే ఆల్కహాల్‌లో దాస్తారు. 2017లో డీఎన్ఏ ఆధారంగా వీటిని 7 క్రమాలుగా, అంటే పెద్ద గుంపులుగా సర్దారు. వాటిలో ఎలాసిపోడిడా అనే క్రమం దాదాపు పూర్తిగా లోతు సముద్రానిదే. ఒళ్లు జెల్లీలా ఉండటంతో వల పైకొచ్చేసరికి చితికిపోతుంది, అప్పుడు డీఎన్ఏ పనే ఆధారం. మీరు కోరుకున్న బయోటెక్ నైపుణ్యం కూడా ఆమెకు ఇందులోనే వస్తుంది.

మధ్య హిందూ మహాసముద్రంలో సముద్రపు నేల మీద పడి ఉండే మాంగనీసు ముద్దల అన్వేషణకు మన దేశానికి 75,000 చదరపు కిలోమీటర్లు ఇచ్చారు. తవ్వకముందే అక్కడ ఏ జీవి ఎక్కడ ఎంతుందో తేలాలి. లోతు సముద్రపు బురద నేల మీద కనిపించే పెద్ద జీవుల్లో సముద్ర దోసకాయలు ముఖ్యమైనవి, వీటిని గుర్తుపట్టగలిగేవాళ్లు కొద్దిమందే. శాశ్వత ఉద్యోగాలూ కొద్దే, అది దాచను. జేఆర్ఎఫ్ (పరిశోధన చేసేవాళ్లకిచ్చే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే నెలకు 37,000 రూపాయలతో మొదలవుతుంది. జువాలజీలో ఎమ్మెస్సీ చేస్తే రేపు మనసు మారినా లెక్చరర్ దారి తెరిచే ఉంటుంది.

ఓడల్లో నెలల తరబడి పంపాలనే టెన్షన్ వద్దు. ఈ పనిలో ఎక్కువ భాగం ల్యాబ్‌లో, సీసాల ముందే.

బరంపురం యూనివర్సిటీలో మెరైన్ సైన్సెస్ విభాగం, గోపాల్‌పూర్‌లో జువలాజికల్ సర్వే కేంద్రం మీకు దగ్గరే. ఈ సెలవుల్లో అమ్మాయిని వెంటబెట్టుకుని వెళ్లండి. అక్కడ ప్రశ్నలు మాత్రం ఆమెనే అడగనివ్వండి.