బీరువా తాళం జేబులో వేసుకోకు

చి. సౌ. అమ్మాయికి, మావయ్య ఆశీస్సులు.

హైస్కూల్లో లైబ్రరీ ఛార్జి నీకు అంటగట్టారనీ, ఎనిమిదో తరగతిలో సగం మంది పుస్తకం ముట్టుకోవడం లేదనీ రాశావు. ముప్పై ఏళ్లు తెలుగు చెప్పినవాణ్ణని నన్ను అడిగావు గానీ, అందులో మొదటి పదేళ్లు నేను చేసింది తప్పే.

మా బడిలో లైబ్రరీ అంటే హెచ్.ఎం. గది మూలనున్న ఇనుప బీరువా. పుస్తకం పోతే జీతంలోంచి కట్టాలేమోనన్న భయంతో తాళం నా జేబులోనే ఉండేది. తనిఖీకి వచ్చినవాళ్లు స్టాక్ రిజిస్టర్ సరిచూసి, ఒక్కటీ పోలేదని మెచ్చుకున్నారు. ఎవరైనా చదివారా అని వాళ్లూ అడగలేదు, నేనూ చెప్పలేదు. మన గ్రంథాలయ శాస్త్రానికి ఆద్యుడు ఎస్.ఆర్. రంగనాథన్ గారి అయిదు సూత్రాల్లో మొదటిదే పుస్తకాలు వాడకానికని. 1931 నాటి మాట. బీఈడీలో దాన్ని మార్కుల కోసం బట్టీపట్టాను కూడా!

ముందు ఆ బీరువా ఖాళీ చెయ్యి. క్లాసులో తాడు కట్టి, అట్టలు కనబడేలా పుస్తకాలు వేలాడదియ్యి. కూడబలుక్కుని చదివేవాడికి అట్ట మీది బొమ్మే పుస్తకం పేరు.

చదవనివాళ్లందరినీ ఒకే గాటన కట్టకు. కొందరికి చదవడం వచ్చు, విసుగంతే. కొందరు ఒత్తుల దగ్గర ఆగిపోతారు, ఆ సంగతి పక్కవాడికి తెలుస్తుందని పుస్తకమే వద్దంటారు. వెనక బెంచీలో అల్లరి చేసేది ఎక్కువగా వీళ్లే. వాళ్ల చేతిలో అందరి ముందూ మూడో తరగతి పుస్తకం పెట్టావో, ఇక నీ దగ్గరికి రారు. చిన్న వాక్యాల పుస్తకాలు మిగతావాటిలోనే కలిపెయ్యి.

నా క్లాసులో ఒకడు మూడు నెలలపాటు పాముల పుస్తకం ఒక్కటే తీసుకున్నాడు. "ఇంకోటి తీసుకోరా" అని రెండుసార్లు కసిరాను. మూడోసారి కసరబోయి ఆగాను. కట్లపాముకీ రక్తపింజరికీ తేడా ఏమిటో పక్కవాడికి చదివి వినిపిస్తున్నాడు, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ. ఏడాది చివర్లో లెక్కల మాస్టారొచ్చి, వాడు పద సమస్యలు సొంతంగా చేస్తున్నాడని చెప్పారు. లెక్కలు వాడికి ముందే వచ్చు. రానిది ప్రశ్న చదవడం.

ప్రశ్నలు మాత్రం వెయ్యకు. "ఈ కథలో నీతి ఏమిటి?" అన్నావంటే లైబ్రరీ పీరియడ్ కూడా స్లిప్ టెస్టే. రోజూ పది నిమిషాలు నువ్వే గట్టిగా చదివి వినిపించి, మంచి పట్టులో ఆపు. మిగతాది వాళ్లే వెతుక్కుంటారు. ఆ పీరియడ్‌లో నోట్సులు దిద్దుకుంటూ కూర్చోకు, నువ్వూ ఏదో ఒకటి చదువుతూ కనబడు.

కొత్త పుస్తకాలకు ప్రభుత్వ బడుల పథకం సమగ్ర శిక్ష కింద లైబ్రరీ గ్రాంటు ఉంటుంది. హెచ్.ఎం.ని ముందే పట్టుకో, లేకపోతే మార్చి నెలాఖర్లో హడావిడిగా ఏదో ఒక కట్ట కొనేస్తారు. 'మంచి పుస్తకం' అనే ప్రచురణ సంస్థ, నేషనల్ బుక్ ట్రస్ట్ వాళ్ల పుస్తకాలు తక్కువ ధరకే వస్తాయి. ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో తెలుగు కథలు ఉచితం, చదివే స్థాయిల వారీగా ఉంటాయి.

కొన్ని చిరుగుతాయి, కొన్ని పోతాయి. రిజిస్టర్‌లో రాసి హెచ్.ఎం. సంతకం తీసుకో, టెన్షన్ పడకు.

ఇష్యూ రిజిస్టర్ ఆ వెనక బెంచీవాళ్లకే అప్పగించు. పేరు రాయాలంటే అట్ట చదవక తప్పదుగా. సంక్రాంతికి వచ్చేటప్పుడు ఆ రిజిస్టర్ పట్టుకురా, నేను చూడాలి.

ఇట్లు,
మీ మావయ్య