స్టాకు తేలని కొట్టు, బీకాం చదువు

ప్రశ్న: మాది పర్లాకిమిడి. బీకాం చివరి ఏడాది చదువుతున్నాను. మా మావయ్య హోల్‌సేల్ కిరాణా కొట్టులో బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ పెట్టినా స్టాకు లెక్క తేలడం లేదు. ఇలాంటివి సరిచేసే ఉద్యోగం ఉంటుందా? కోడింగ్ రావాలా?

జవాబు: ఉంటుందమ్మా. బిజినెస్ అనలిస్ట్, ఈఆర్‌పీ (కొనుగోలు, అమ్మకం, స్టాకు, ఖాతాలు అన్నీ ఒకేచోట నడిపే సాఫ్ట్‌వేర్) ఫంక్షనల్ కన్సల్టెంట్ అంటారు. ఫ్రెషర్లు మాత్రం ఎక్కువగా ఇంప్లిమెంటేషన్ (సాఫ్ట్‌వేర్ పెట్టించి నడిపించడం), సపోర్ట్, టెస్టింగ్ పనుల్లో చేరి అక్కడికి వెళ్తారు. ముందు ఎక్సెల్, ఎస్‌క్యూఎల్ (డేటాబేస్ నుంచి లెక్కలు రాబట్టే భాష) గట్టిగా పట్టండి, కోడింగ్ తర్వాత.

ప్రాక్టీసుకి మావయ్య కొట్టే చాలు. సాఫ్ట్‌వేర్‌ని తిట్టేముందు ఒక్క బియ్యం బస్తా వెంట నడవండి. సాయంత్రం బిల్లు కొట్టగానే కంప్యూటర్లో స్టాకు తగ్గుతుంది. సరుకు కదిలేది మర్నాడు, చీటీ మీద. ఆ రాత్రి లెక్కపెడితే గొడౌన్లో బస్తాలు ఎక్కువ ఉంటాయి. వాపసు వచ్చినవి ఎంట్రీ పడకపోయినా అంతే. 50 కిలోల బస్తా విప్పి 5 కిలోలు లూజుగా అమ్మి, యూనిట్ మార్చకుండా 5 అని కొడితే ఏకంగా 5 బస్తాలు పోయినట్టే. ఓ 30 బిల్లులు చీటీలతో సరిపోల్చండి, జబ్బు ఎక్కడుందో దొరుకుతుంది.

గుమస్తాని ‘ఎలా చేస్తారు?’ అని అడిగితే రూలు చెబుతాడు. ‘నిన్న ఆఖరున పంపిన సరుకు చీటీ చూపించండి’ అంటే జరిగేది బయటపడుతుంది. గుమస్తాతో తెలుగులో, కళాసీతో ఒడియాలో మాట్లాడగలగడం చిన్న విషయం కాదు, రెజ్యూమేలో రాయండి.

అప్పారావు పేరును ఇంగ్లీషులో ఒకరు కలిపి, ఒకరు విడదీసి కొడితే ఒకే మనిషికి రెండు ఖాతాలు. బాకీ ఒకదాంట్లో, జమ ఇంకోదాంట్లో. అందుకే ప్రతి ఖాతాకీ సొంత నంబరు ఇవ్వాలి. ఫోన్ నంబరు పనికిరాదు: మారుతుంది, ఇంటిల్లిపాదికీ ఒకటే కావచ్చు. బిల్లు ఒక టేబుల్లో, అందులోని సరుకులు మరో టేబుల్లో ఉండాలి. 1970లో కంప్యూటర్ శాస్త్రవేత్త ఎడ్గర్ కాడ్ ప్రతిపాదించిన రిలేషనల్ పద్ధతి (సమాచారాన్ని ఒకదానితో ఒకటి ముడిపడిన టేబుళ్లుగా పెట్టడం) నేర్చుకుంటే ఇదంతా అర్థమవుతుంది.

మార్పు చేశాక పాత పుస్తకం వెంటనే మూయించకండి. నెల రోజులు రెండూ నడిపి, ఏ రోజు తేడా ఆ రోజే రాసుకోవాలి.

ఇక పై చదువు: కంప్యూటర్ పీజీ కోర్సు ఎంసీఏ రెండేళ్లు. బీకాం వాళ్లని ప్లస్ టూలో గానీ డిగ్రీలో గానీ మ్యాథ్స్ ఉందా అని అడగొచ్చు; ఒడిశాలో ఓజేఈఈ అనే ప్రవేశ పరీక్ష రాయొచ్చు. మీ బిజినెస్ మ్యాథ్స్ చెల్లుతుందో లేదో బ్రోషర్లో చూశాకే ఫీజు కట్టండి. చెల్లకపోతే ఎంబీఏ వైపు చూడండి; జీఎస్టీ, డెబిట్-క్రెడిట్ తెలిసిన మీకు ఈఆర్‌పీ పనికి అదీ దారే.