1994 మియాటాకు ఏ కాయిలోవర్లు కొనాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది: 1994 మాజ్దా మియాటా (రెండు సీట్ల చిన్న స్పోర్ట్స్ కారు) కొన్నారు. వెనక షాక్ అబ్జార్బర్ల నుంచి నూనె కారుతోంది. రోజూ ఆఫీసుకు వెళ్లాలి, ఏడాదికి రెండు మూడు సార్లు ట్రాక్ మీద నడపాలి. చౌక కాయిలోవర్ కిట్ (షాక్ చుట్టూ స్ప్రింగు ఉండి, కారు ఎత్తు మార్చుకోగల అమరిక) తీసుకోవాలా, ఖరీదైనదా, స్ప్రింగులు ఎంత గట్టిగా ఉండాలి అని అడిగారు.

నాది 1992 కారు. డెట్రాయిట్ శివార్లలో పదకొండేళ్లుగా నడుపుతున్నాను. ఇప్పుడున్నది రెండో కాయిలోవర్ కిట్. మొదటిసారి నేను చూసింది ధర, కారు ఎంత కిందికి దిగుతుందన్నది. అసలు చూడాల్సింది వేరే ఉంది: గుంతలో పడినప్పుడు చక్రం పైకి లేవడానికి ఎంత చోటు మిగులుతుందన్నది.

మొదటి కిట్ చౌకది. షాక్ గట్టిదనం మార్చడానికి ముప్పై రెండు మెట్లు తిరిగే నాబ్ ఉంటే అదే గొప్ప అనుకున్నాను. టైరుకు, ఫెండరుకు మధ్య రెండు వేళ్ల సందు మాత్రమే ఉండేలా కారును దించాను. చూడటానికి చాలా అందంగా ఉండేది. ఇక్కడ మార్చి నెలలో మంచు కరిగి రోడ్లన్నీ గుంతలు పడతాయి. ఒక్కో గుంతకు వెన్నుపూసలో సుత్తితో కొట్టినట్టుండేది. స్ప్రింగులు మరీ గట్టివేమో అనుకుని నాబ్‌లన్నీ మెత్తటి వైపు తిప్పాను. ఏమీ మారలేదు.

అప్పుడు పార్కింగ్ స్థలంలో జరిగే ఆటోక్రాస్ పోటీకి వచ్చిన ఒక పెద్దాయన చిన్న పరీక్ష నేర్పారు. షాక్ కడ్డీ చుట్టూ సన్నని జిప్‌టై (ప్లాస్టిక్ కట్టు పట్టీ) బిగించి, దాన్ని కింద షాక్ బాడీకి ఆనేదాకా జరపాలి. తరువాత మామూలుగా తిరిగే దారిలోనే పది నిమిషాలు నడపాలి. షాక్ నలిగినప్పుడల్లా బాడీ ఆ జిప్‌టైని పైకి తోస్తుంది, అది అక్కడే ఆగిపోతుంది. ఇంటికొచ్చి చక్రాలు విప్పి చూశాను. నాలుగింటిలో మూడు జిప్‌టైలు పైనున్న బంప్‌స్టాప్‌కు (షాక్ చివరిదాకా నలిగినప్పుడు ఆపే మెత్తటి దిమ్మకు) గుద్దుకుని ఉన్నాయి, ఒకటి నలిగి తెల్లబడింది. అంటే నా వెన్నుకు తగిలిన దెబ్బ స్ప్రింగుది కాదు. కారు స్ప్రింగును దాటిపోయి బంప్‌స్టాప్ మీద కూర్చుంటోంది. అలాంటి చోట ఇంకా మెత్తటి స్ప్రింగు వేస్తే ఇంకా త్వరగా గుద్దుకుంటుంది.

మొదటి తరం మియాటాలో (1997 వరకు వచ్చినవి) ఈ చోటు ఫ్యాక్టరీ నుంచే తక్కువ. కారును దించితే ఆ కాస్తలోనే మళ్లీ కోత. తరువాతి తరం మియాటా పై మౌంట్లు (షాక్ పైకొనను కారు బాడీకి బిగించే భాగాలు) మన కార్లకు సరిపోతాయి, వాటితో షాక్‌కు కదిలే చోటు పెరుగుతుంది. అందుకే అమ్మేవాళ్లను నేను మొదట అడిగేది ఈ రెండే: పై మౌంట్ ఏ రకం, నేను నడిపే ఎత్తులో బంప్‌స్టాప్ దాకా ఎంత మిగులుతుంది? దీనికి అంకెలతో జవాబివ్వలేని కిట్ కొనకండి.

ఎత్తును ఫెండరు నుంచి నేలకు కొలవకండి, టైరు మారితే ఆ కొలత మారిపోతుంది. చక్రం మధ్య నుంచి ఫెండరు అంచుకు కొలవండి. నాది ముందు 33 సెంటీమీటర్లు, వెనక కొద్దిగా ఎక్కువ. మన గుంతల రోడ్ల మీద అంతకంటే దించమని నేను చెప్పను.

స్ప్రింగుల అంకెలు కొన్ని కిట్లలో కేజీ/మి.మీ.లో, కొన్నింటిలో పౌండ్లు/అంగుళంలో ఉంటాయి. ఒక కేజీ/మి.మీ. అంటే దాదాపు 56 పౌండ్లు/అంగుళం. నాకు ముందు 6, వెనక 4 కేజీలవి ఉన్నాయి. టన్నుకు అటూ ఇటూ ఉండే కారుకు రోజువారీ వాడకంలో అవి చాలు, వాటర్‌ఫర్డ్ హిల్స్ ట్రాక్ మీద కూడా వాటితో సంతోషంగానే నడిపాను. స్ట్రట్ ఉన్న కారు (షాక్, స్ప్రింగు కలిసి నేరుగా చక్రం దగ్గరే బిగించి ఉండే రకం) నడిపే స్నేహితుడి అంకెలతో మాత్రం పోల్చుకోకండి. స్ట్రట్ కారులో చక్రం ఎంత లేస్తే స్ప్రింగు ఇంచుమించు అంత నలుగుతుంది. మియాటాలో నాలుగు వైపులా డబుల్ విష్‌బోన్ (చక్రాన్ని పైన ఒకటి, కింద ఒకటి చేతులు పట్టుకునే అమరిక), స్ప్రింగు కింది చేయి మీద లోపలి వైపుకు ఉంటుంది. చక్రం పది లేస్తే స్ప్రింగు ఏడు నలిగిందనుకుందాం. చక్రానికి తెలిసే గట్టిదనం స్ప్రింగు గట్టిదనంలో పదింట ఏడు వంతులు కాదు, దాని వర్గం (0.7 × 0.7), అంటే దాదాపు సగమే.

డబ్బు పెట్టాల్సింది షాక్‌ల మీద. చాలా కిట్లలో నాబ్ ప్రధానంగా మార్చేది రీబౌండ్‌ను, అంటే నలిగిన షాక్ తిరిగి సాగే వేగాన్ని. దాన్ని మరీ బిగిస్తే వరుస గుంతల్లో స్ప్రింగు పూర్తిగా సాగేలోపే మరో గుంత వస్తుంది, కారు మెట్టు మెట్టుగా కిందికి కుంగిపోతుంది. మళ్లీ బంప్‌స్టాపే. విప్పి కొత్త నూనె, సీళ్లు వేయించుకోగల షాక్‌లు తీసుకోండి. బిల్‌స్టీన్, కోనీ, ఓలిన్స్ లాంటి పాత కంపెనీల మీద నాకు గురి ఉన్నది అందుకే. అంగుళం కంటే ఎక్కువ దించే ఉద్దేశం లేకపోతే కోనీ షాక్‌లు, మంచి స్ప్రింగులు చాలు, కాయిలోవర్ల అవసరమే ఉండదు. పై మౌంట్ లోహపు బంతి రకం అయితే ప్రతి చిన్న రాయికీ టకటక వినిపిస్తుంది. రోజూ తిరిగే కారుకు రబ్బరుదే మంచిది.

ఇక మీ బడ్జెట్‌లో మూడో వంతు పక్కన పెట్టండి. ముప్పై ఏళ్ల బుష్‌లలో (సస్పెన్షన్ చేతుల కీళ్ల దగ్గర ఉండే రబ్బరు గొట్టాల్లో) రబ్బరు రాయిలా మారి ఉంటుంది, వాటిని అలాగే ఉంచి కొత్త షాక్‌లు వేస్తే ఆ ఖర్చుకు ఫలితం కనిపించదు. మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లే రాష్ట్రంలో తిరిగిన కారైతే అలైన్‌మెంట్ (చక్రాల కోణాలు) సరిచేసే కింది బోల్టులు బుష్ లోపలి గొట్టానికి తుప్పుతో అతుక్కుపోయి ఉంటాయి. నావి రెండు రోజులు నూనె పోసినా కదలలేదు, రంపంతో కోసి తీయాల్సి వచ్చింది. ఒక్క జాగ్రత్త: రబ్బరు బుష్‌ల బోల్టులను కారు గాల్లో వేలాడుతుండగా చివరి బిగింపు బిగించకండి. రబ్బరు లోపలి గొట్టానికీ బయటి గొట్టానికీ అతుక్కుని ఉంటుంది. కారు నేల మీదికి దిగగానే అది మెలితిరిగి, అలాగే ఉండిపోయి త్వరలో చిరుగుతుంది. బరువు చక్రాల మీద పడ్డాకే బిగించి, ఆ తరువాత అలైన్‌మెంట్ చేయించండి.

మీ వాడకానికి నా సలహా ఇది: మధ్య ధరలో, మరమ్మతు చేయించుకోగల షాక్‌లు, 6/4 స్ప్రింగులు, తరువాతి తరం పై మౌంట్లు, కొత్త బుష్‌లు. కొనే ముందు ఇప్పుడున్న షాక్‌లకే, నూనె కారుతున్నా సరే, ఆ జిప్‌టై పరీక్ష చేసి నాలుగు చక్రాల కొలతలు ఇక్కడ రాయండి. వాటిని బట్టి ఎత్తు ఎంత పెట్టాలో చెబుతాను.