ప్యాకెట్ మీద ‘20ఎక్స్’ అంటే?

ప్రశ్న: డాక్టరుగారూ, మా అబ్బాయి బరంపురంలో హాస్టల్లో ఉండి ఇంజినీరింగ్ చదువుతున్నాడు. సెలవులకి వచ్చినప్పుడు ప్యాంటు ఉతకబోతే జేబులో చిన్న జిప్ కవరు దొరికింది. లోపల నల్లటి ఆకుపొడి, పైన ‘సాల్వియా 20ఎక్స్’ అని ఉంది. ‘తులసి జాతేనమ్మా, మెక్సికోలో దాంతో వైద్యం చేస్తారు’ అంటున్నాడు. మా పెరట్లో ఎర్రపూల సాల్వియా ఉంది, ఇదీ అదేనా? వాళ్ల నాన్నకి ఇంకా చెప్పలేదు. చాలా టెన్షన్‌గా ఉంది.
– ఒక తల్లి, రాయగడ

జవాబు: అమ్మా, పెరట్లో మొక్కని పీకెయ్యకండి, దానికి మత్తు లేదు. చియా గింజలు కూడా సాల్వియా జాతివే. కవర్లోది వేరు, సాల్వియా డివినోరమ్.

అది తులసి, పుదీనా కుటుంబంలోదే. మెక్సికోలో ఓహాకా కొండల్లో మజాటెక్ గిరిజనులు దాన్ని వైద్యానికి వాడే మాటా నిజమే. కానీ వాళ్లు వాడేది పచ్చి ఆకు. నములుతారు, లేదా రసం తీసి తాగుతారు. మన కొరాపుట్ కొండల్లోని దిసారి (గిరిజన వైద్యుడు) లాంటి పెద్ద ఒకరు పక్కనే ఉంటారు. మీవాడి జేబులోది ఆకు కాదమ్మా, ఎక్స్‌ట్రాక్ట్. ఆకులోని సాల్వినోరిన్-ఎ అనే మత్తు పదార్థాన్ని లాగి, మళ్లీ ఆకుపొడికే పట్టిస్తారు. 20ఎక్స్ అంటే ఇరవై గ్రాముల ఆకులోది ఒక్క గ్రాములో ఉందని అమ్మేవాడు చెప్పుకోవడం. అసలు ఆకులోనే మత్తు ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ ఉంటుంది కాబట్టి ఆ అంకెని నమ్మడానికి లేదు. పొగగా పీలిస్తే సాల్వినోరిన్-ఎ అర మిల్లీగ్రాము, అంటే కొద్దిపాటి ఉప్పు రవ్వల బరువు చాలు, మనిషికి ఈ లోకం స్పృహ ఉండదు. ఆ మోతాదు చిటికెతో కొలిచేది కాదు.

నా భయమల్లా మత్తులో ఉండే ఆ కొద్ది నిమిషాల గురించే. పీల్చిన నిమిషంలోపే ఎక్కుతుంది. ఎక్కడున్నాడో, ఎవరితో ఉన్నాడో తెలియదు. కొందరు ఆ స్థితిలోనే లేచి నడుస్తారు. హాస్టల్ డాబా మీదో, మెట్ల దగ్గరో ఉంటే ఏమవుతుందో మీరే ఊహించండి. గంజాయిలా రోజూ కావాలనిపించడం అరుదు. అయితే మీ పుట్టింటి వైపు గానీ అత్తింటి వైపు గానీ ఎవరికైనా మానసిక జబ్బు ఉంటే మాత్రం వాడు దీన్ని అస్సలు ముట్టకూడదు.

కవరుకి ఫొటో తీసుకుని, పొడిని లెట్రిన్‌లో పోసి నీళ్లు కొట్టండి. మామూలు మూత్ర పరీక్షలో ఇది బయటపడదు. రేపు ఆస్పత్రికి వెళ్లాల్సి వస్తే ఆ ఫొటోనే పనికొస్తుంది. వాడిని తిట్టకుండా మూడు సంగతులు అడగండి: పీల్చావా, పక్కన ఎవరున్నారు, తర్వాత ఎలా ఉంది? నిద్ర పట్టకపోయినా, లేనివి కనిపిస్తున్నాయన్నా, అనుమానాలు మొదలైనా వెంటనే మానసిక వైద్యుడికి చూపించండి. టెలీ మానస్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులక్కర్లేదు. వాళ్ల నాన్నగారికి ఈ రాత్రే చెప్పండి, అబ్బాయి ఎదురుగా మాత్రం వద్దు.